ఇంజిన్ కింద దొరికిన చెప్పు

ఏవండీ,

మీరు వెళ్లిపోయి ఇవాళ్టికి ఏడాది. మన అంబాసిడర్‌ని ధవళేశ్వరం మెకానిక్ గారి దగ్గరకు తీసుకెళ్లాను. ఇంజిన్ కింది రబ్బర్లు అరిగిపోవడం వల్లే బండి అంతలా వణుకుతోందట. ఎలా ఉంటాయో చూద్దామని నేనూ వంగి తొంగిచూశాను. ఒకవైపు రబ్బరుకు బదులు, పొరలుగా పేర్చిన ఆకుపచ్చ చెప్పు ముక్కలు బయటపడ్డాయి.

“ఇదెవరు పెట్టారండీ? కొలత భలే కుదిరింది!” అన్నారాయన.

“మా వారేనండి,” అన్నాను.

కుక్క ఎత్తుకుపోయిందని మీరు నన్ను నమ్మించిన నా చెప్పు అది. పాపం, ఆ కుక్కని ఎన్ని రోజులు తిట్టానో! అడిగితే రెండోది కూడా ఇచ్చేదాన్ని కదా, ఎందుకు దాచారండీ?

కొత్త రబ్బర్లు వేయించాను. స్టార్ట్ చేశాక పాత వణుకు లేకపోయేసరికి ఇంజిన్ నడుస్తోందో లేదో తెలియక, బానెట్ మీద చెయ్యి ఆనించి చూశాను.

నడుస్తోంది.