చెప్పుల డబ్బాలో చీటీ

మంగళవారం, మధ్యాహ్నం రెండున్నర

మీరు అడగకముందే చెప్తున్నా మేడం, ఇప్పుడు ఎవరినీ ఏడిపించడం లేదు. అయ్యో, నమస్కారం మర్చిపోయాను. నమస్తే మేడం. మీరూ, ఇంట్లో అందరూ బాగున్నారనుకుంటాను. ఏడో తరగతిలో మీరు బోర్డు మీద రాసిన నంబరే ఇది. మారిపోయి ఉంటే, ఇది చదివేవాళ్ళెవరైనా నవ్వకుండా వదిలెయ్యండి.

నేను మేడం, చివరి బెంచీ, కిటికీ పక్క. అందరూ మూగోడా అనేవాళ్ళు, మీరొక్కరే "తీరిగ్గా చెప్పు బాబూ" అనేవారు. ఎనిమిదితో చదువు ఆపేశాను. లాండ్రీలో ఇస్త్రీ చేస్తున్నా. ఫోన్లో మాట్లాడితే అదే రాసుకుంటుందట, కానీ ఇక్కడ అందరూ వింటారు. అందుకే వేలితో కొడుతున్నా. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మీ మనసు పీరియడ్ గుర్తుందా? మార్కులు ఉండవంటే ఎగిరి గంతేశాం. కోపమొస్తే "నువ్వు వెధవ్వి" అనకూడదు, "నాకు" అని మొదలుపెట్టి మనకేమనిపించిందో చెప్పాలి అన్నారు. బయటికెళ్ళి "నాకు నువ్వు వెధవ్వనిపించింది" అని తిట్టుకునేవాళ్ళం.

తర్వాత చెప్పుల డబ్బాకి కన్నం పెట్టి తెచ్చారు. లోపలి బాధ ఏదైనా చీటీ మీద రాసి వెయ్యండి, పేరు వద్దు అన్నారు. ఒకరోజు ఒక చీటీ చదివారు. "నిద్రలో పక్క తడిసిపోతుంది. అమ్మ తిట్టదు. అందుకే ఇంకా సిగ్గు." క్లాసంతా నవ్వింది. మీరు ఊరుకోండన్నారు, ఎవరిదని అడగలేదు. కానీ బెల్లు కొట్టాక నా పక్కన కూర్చునేవాణ్ణి వరండాలోకి పిలిచి భుజం మీద చెయ్యి వేశారు. అచ్చు పుస్తకంలా రాసేది వాడొక్కడే కదా, మీరు అక్షరాలు పట్టేశారు. కిటికీలోంచి మేం మిమ్మల్ని పట్టేశాం.

మర్నాడు వాడు రాగానే "ఒరేయ్, గొడుగు వేసుకుని పడుకున్నావా?" అన్నది నేనే మేడం. నోరు విప్పనివాణ్ణి, ఆ ఒక్కరోజు నా మాటకి అందరూ పడీ పడీ నవ్వారు. చాలా బాగుందనిపించింది. అప్పట్నుంచి వాడి పేరు గొడుగు. వాడు నావైపు ఒక్కసారి చూశాడు. పరీక్షలు కాకుండానే వేరే బడికి పోయాడు. మీరు ఆ డబ్బా మళ్ళీ తేలేదు.

నిన్న వాడు మా షాపుకొచ్చాడు. నాకంటే పొడుగైపోయాడు. ఓనరన్న అన్నం తింటూ "చీటీ నువ్వు రాసివ్వరా" అన్నాడు. రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు అని రాశా. చెమటకి పెన్ను జారిపోయింది. వాడు చీటీ చూసి "బాగానే రాస్తున్నావురా ఇప్పుడు" అన్నాడు. ఎగతాళిగా కాదు మేడం. అదే తట్టుకోలేకపోయా. నేను "గురువారం" అన్నా. అంతే, వెళ్ళిపోయాడు. వాడి చొక్కాలు రెండుసార్లు ఇస్త్రీ చేశా. ఓనరన్న "ఏరా, పెళ్ళికొడుకు బట్టలా?" అన్నాడు.

ఉంటాను మేడం.
ఇట్లు, కిటికీ పక్క మూగోడు

మేడం, ఇంకొక్కటి. ఇది చెప్పడానికే పైదంతా రాశాను. ఆ డబ్బాలో చీటీ నాది. నాకప్పుడు రాయడం సరిగ్గా రాదు. మెట్ల కింద కూర్చుని నేను చెవిలో చెబితే వాడు రాసిపెట్టాడు. ఎవరికీ చెప్పనన్నాడు. వరండాలో మీకు కూడా చెప్పలేదు. నేను గొడుగు అన్నప్పుడూ చెప్పలేదు. ఎల్లుండి బట్టలకోసం వస్తాడు. "నాకు" అని మొదలుపెట్టమని మీరే నేర్పారు. కానీ నాకు సిగ్గేసింది, నాకు భయమేసింది అంటే మళ్ళీ నా గోలే అవుతుంది కదా. మరి వాడితో ఏ మాటతో మొదలుపెట్టాలి మేడం?