ఎదురింట్లో తాళంచెవి

ఆళ్లగడ్డ,
11-11-2024.

తమ్ముడు సమీవుల్లాకు అన్న అమానుల్లా సలాం చెప్పి రాసేది. ఇక్కడ నేనూ మీ భాభీ బాగున్నాం, మీ ఇద్దరి క్షేమం అల్లా చూసుకోవాలి. మరదలు హుమేరాకు మా దువాలు చెప్పు. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య ఈ ఉత్తరమేమిటని నవ్వొద్దు. మీ ఇంట్లో ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది. నేను నీతో అన్న మాటకు హుమేరా వంటింట్లోంచి జవాబు చెబుతుంది. కొన్ని సంగతులు నాకు కాగితం మీద అయితేనే వస్తాయి.

నిన్న నువ్వు చెప్పిందంతా విన్నాను. మీరు సున్నిపెంటలో హుమేరా వాళ్ల అక్క ఇంటికి పోయి మూడు రోజులకు తిరిగి వచ్చేసరికి, మరిచిపోయి తెరిచి ఉంచిన గ్యాసు కట్టేసి ఉందట, బాల్కనీ తలుపుకు గడియ పడి ఉందట. వస్తువు ఒక్కటీ పోలేదు. తాళం మీద గీత కూడా లేదు. రెండో తాళంచెవి ఉన్నది ఎదురింటి పరంజ్యోతి దగ్గర. అడిగితే, నేనైతే రాలేదమ్మా అని ఒక్క మాట అందట. మరి ఎవరొచ్చారంటే తల వంచుకుందట. తాళంచెవి తిరిగి ఇమ్మంటే తెచ్చి ఇచ్చిందట. ఆదివారం మీ అపార్ట్‌మెంటు అసోసియేషన్ మీటింగులో ఆమె సంగతి తేలుస్తానన్నావు. పని తెలిసినవాడిగా నన్ను వచ్చి, ఆ తాళం తీసింది తాళంచెవితోనేనని అందరి ముందూ చెప్పమన్నావు.

వస్తాను, చెబుతాను. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర కూర్చుని ముప్పై ఏళ్లుగా తాళాలు బాగుచేస్తున్నాను. మీ తాళాన్ని చెవి లేకుండా, గీత పడకుండా తీసే మొనగాడు మన జిల్లాలో లేడు.

ఇదంతా విని నాకు బాధ కలగాలి. కలగలేదు. సంతోషమే కలిగింది, దాచడమెందుకు. మీరు ఆ ఇంట్లో చేరిన రోజు నీకు గుర్తుందో లేదో. తాళం బిగించింది నేను. రెండో తాళంచెవి నాకిస్తావని, చేతులకంటిన ఇనుప రజను లుంగీకి తుడుచుకుంటున్నాను. నువ్వు నన్ను దాటుకుని పోయి పరంజ్యోతి చేతిలో పెట్టావు. అక్కా, ఇది మీ కాడ ఉండనీ, అవసరానికి ఎదురుగా ఉండేది మీరే కదా అన్నావు. ఆమెతో నీకు పట్టుమని పది రోజుల పరిచయం లేదు. నాయన పోయినప్పుడు నీకు ఏడేళ్లు. నేను పనికి పోతూ, నువ్వు పారేసుకోకుండా మన ఇంటి తాళంచెవిని నీ నిక్కరు జేబుకు దారంతో కుట్టి పంపేవాణ్ణి. అది ఆ రోజు నీకు గుర్తు రాలేదు.

అప్పటి నుంచీ ఆమె పేరు వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. హుమేరాకు జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకుపోయింది ఆమె, నాకు తెలిసింది మూడు రోజులకు. సేమ్యా వండితే మొదటి గిన్నె ఎదురింటికే. మొన్న ఊరికి పోయే పొద్దున హుమేరా అవసరమైన నంబర్లన్నీ రాసి ఫ్రిజ్‌కు అంటించి పోయిందని చెప్పావు. మంచి పనే. కానీ అందులో ఆమె నంబరు అన్నిటికన్నా పైన ఉంది, నాది గ్యాసు ఏజెన్సీ కింద.

సరే, ఇక జాగ్రత్తలు. చెప్పుల స్టాండులో తాళంచెవి దాచే అలవాటు మానుకోండి, దొంగ ముందు చేయి పెట్టేది అక్కడే. ఊళ్లో లేనప్పుడు, మొన్న సున్నిపెంట డ్యామ్ దగ్గర దిగినట్టు, ఫొటోలు స్టేటస్‌లో పెట్టొద్దు. బెల్లు మోగితే తలుపుకున్న గాజు కంట్లోంచి చూసి, గొలుసు తగిలించే తీయమని హుమేరాకు చెప్పు. మీ వాచ్‌మన్ దేవదానం మంచివాడే గాని, పదకొండింటికి టీకని పోతే గేటు దగ్గర మనిషి ఉండడు. రెండో అంతస్తు కదా, మనకేం అనుకోవద్దు, మెట్లు అందరికీ ఒకటే. కొత్త తాళం తెస్తాను, ఆదివారం మొదటి బస్సుకు దిగుతాను.

ఇట్లు,
నీ మేలు కోరే అన్న,
అమానుల్లా.

తా.క.: కవరు అంటించబోతూ మళ్లీ చదివాను. ఫ్రిజ్ మీద కాగితం దగ్గర ఆగిపోయాను. అది అంటించింది మీరు ఊరికి పోయిన పొద్దున. నా నంబరు ఏ వరసలో ఉందో నువ్వు చెప్పలేదు, మరి నాకెట్లా తెలిసింది? ఆ వాక్యం కొట్టేయొచ్చు. కొట్టేయలేదు.

వచ్చింది నేనే తమ్ముడూ. తాళం బిగించిన రోజే, నీకు చూపకుండా మూడో చెవి అరగదీసి ఉంచుకున్నాను. మీరు లేనప్పుడు ఆమె ఇంట్లో దూరి ఏం చేస్తుందో పట్టుకుందామని వచ్చాను. దేవదానం టీకి పోయేదాకా ఎదురుచూసి మెట్లెక్కాను. తెరిచి ఉన్న బాల్కనీలోంచి నేల మీద పడ్డ దుమ్ములో ఎవరూ అడుగు పెట్టిన జాడ లేదు. గ్యాసు కట్టింది నేను, బాల్కనీ గడియ వేసింది నేను.

తాళం వేస్తుంటే నా వెనక ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఎవరప్పా అది, దేవదానాన్ని పిలుస్తాండా అంది పరంజ్యోతి, ఫోను చేతిలోనే ఉంది. నా ముఖం చూసి, నువ్వా అన్నా అంది. నేను వచ్చినట్టు తమ్ముడికి చెప్పొద్దమ్మా, నొచ్చుకుంటాడు అన్నాను. చెప్పన్లే అన్నా, ఎండలో వచ్చినావు, మజ్జిగ తాగి పో అంది. తాగాను కూడా.

నా పేరు చెప్పి ఉంటే ఆమె ఆ క్షణమే నింద నుంచి బయటపడేది. మీరు అంతగా అడిగినా చెప్పలేదు. నన్నేమో ఆమె మీద సాక్ష్యానికి రమ్మన్నావు, నేను సరేనని పైన రాశాను.

మూడో తాళంచెవి ఈ కవర్లోనే ఉంది. ఆదివారం దాకా ఆగకుండా, ఇది చదివిన వెంటనే నువ్వూ హుమేరా ఎదురింటి తలుపు తట్టండి. మీటింగులో నేను చేసిన పని నేనే చెప్పుకుంటాను. కొత్త తాళానికి రెండే చెవులు. రెండోది నా చేత్తోనే పరంజ్యోతమ్మకు ఇవ్వాలని ఉంది. ఆమె ఇక తీసుకుంటుందో లేదో.