లాగేది వేరే, మోసేది వేరే

శుక్రవారం, బొల్లారం నుంచి వచ్చినంక

చెల్లె పద్మ సొంతంగా ఒప్పుకున్న మొదటి కరెంటు పని ఇయ్యాల పూర్తయింది. ఐదంతస్తుల బిల్డింగు, కింది నుంచి పై దాకా మెయిన్ కేబుల్. అది జారితే పనీ పోతది, పేరూ పోతది. పొద్దున్నుంచి లోపల జపమే నాకు.

మధ్యలో ఫోన్ చేసింది. "అక్కా, సాక్స్ ఇంట్ల మర్చిపోయిన, పెద్దయి. జెర పట్టుకరా."

మా ఆయన ఉన్ని సాక్స్ తీసుకపోయి అందరి ముందు చేతికిచ్చిన. పద్మ నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. "కాళ్లకు కాదే అక్కా, కేబుల్‌కు."

ఇనుప తీగెలతో అల్లిన జాలీ తొడుగులట. బరువు పడ్డకొద్దీ కేబుల్‌ను బిగించి పట్టుకుంటయట. మళ్లీ ఆటో ఎక్కి లాలాగూడల ఇంటికి పోయి అవి తెచ్చిన.

ఒకటి తొడిగి కేబుల్‌ను పైకి లాగిన్రు. "గట్టిగనే ఉంది మేడమ్, దీనికే వేలాడనిద్దాం" అన్నడు మేస్త్రి యాదగిరి.

"లాగేటిది లాగడానికే అన్నా. ఎప్పటికీ మోసేటిది వేరే" అని పద్మ రెండోది తొడిగి, పైన కొక్కేనికి తగిలించింది. ఇగ లాగిన తాడు వదలమంది. నేను కళ్లు మూసుకున్న.

"తెరువక్కా. పట్టుకున్నది సాక్స్, నీ దేవుడు కాదు."

"ఇద్దరూ పట్టుకున్నరు పోవే" అన్న. కేబుల్ కదలలే.

ఓనరు పక్క బిల్డింగు పని సుత పద్మకే ఇచ్చిండు. దీపం ముందు కూచుంటే ఇయ్యాల అడగడానికి ఏమీ దొరకలేదు. పక్కది పదంతస్తులట. దాని సంగతి రేపు అడుగుతా.