ఉడతను సమ్మెటతో జత కట్టిన విషయమై

పంజరపు పోటీల ఆన్‌లైన్ ఆట నిర్వాహక అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కొత్త యోధులను ఆరితేరిన యోధులతో జత కట్టుట, శిక్షణ నిబంధనలలో లోపములు, వచ్చే ఆదివారం పోటీ నిలుపుదల గురించి.

తమ ఆటలో 'ఉడత' అనే ఒకే ఒక్క యోధుడిని పెంచుకుంటున్నాను. ఈ ఆటలో మనం స్వయంగా కొట్టేది లేదు. యోధుడు ఏం నేర్చుకోవాలో చెబుతాం, పోటీ ఒప్పుకుంటాం. గంట మోగాక ఎవరు గెలిచారో తమ కంప్యూటరే తేలుస్తుంది. నేను ఐదో తరగతి వరకే చదివాను. తప్పులు మన్నించి ఈ కింది బాధలు ఆలకించమని ప్రార్థన.

1. జత కట్టేటప్పుడు తమ వారు బరువొక్కటే చూస్తున్నారు, అనుభవం చూడటం లేదు. నిన్నగాక మొన్న వచ్చిన ఉడతను, బెల్టు పోటీ గడప దగ్గరున్న 'సమ్మెట' మీదికి రెండుసార్లు దించారు. రెండుసార్లూ మొదటి రౌండులోనే వాడికి స్పృహ తప్పింది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే కదా.

2. నేను వాడికి పక్కకు జరగడం, పట్టు విడిపించుకోవడం నేర్పాను. కొట్టడం నేర్పడానికి మనసొప్పలేదు. తప్పించుకున్న దెబ్బకు తమ లెక్కలో మార్కు లేదు సరికదా, "చొరవ లేదు" అని కోత వేస్తున్నారు. ఇంట్లో నేనూ ఈ మాట పడుతూనే ఉంటాను. నాకు అలవాటే. వాడికి మాత్రం అన్యాయం.

3. సవాలుకు ఒక రోజులో బదులివ్వకపోతే ఒప్పుకున్నట్టేనని నిబంధన పెట్టారు. నా ఫోను మా అత్తగారు ఆడపడుచు ఇంటికి పట్టుకెళ్లారు. తిరిగి నా చేతికొచ్చేసరికి సమ్మెట యజమాని విసిరిన సవాలుతో మూడో పోటీ ఖాయమై ఉంది.

4. మూడోసారి స్పృహ తప్పిన యోధుడిని శాశ్వతంగా తొలగిస్తారు. ఉచితంగా ఆడేవారికి ఒక్కడే యోధుడు కనుక, వాడితో పాటు ఖాతా, అందులోని ఉత్తరాల పెట్టె కూడా మూతపడతాయి. సవాలు చేసేవారికేమో అవతలివారికి ఉన్నది ఆ ఒక్క యోధుడేనని కనిపించదు. కనిపిస్తే సమ్మెట యజమాని ఈ పని చేసేవారు కాదు. వారు చెడ్డవారు కాదని నాకు తెలుసు.

అయ్యా, వారు మా ఆయన.

ఉడత నాదని ఆయనకు తెలియదు. ఆయన టైర్ల షాపులో పని చేస్తారు. ఇంటికొచ్చి ఫోను పట్టుకున్నాకే ముఖం విప్పారుతుంది. అంతగా ఏముందో చూద్దామని నేనూ చేరాను. మొదటి పోటీ అయ్యాక, "బాగా తప్పించుకున్నావు తమ్ముడూ, కాళ్లకు ఇంకాస్త పని చెప్పు" అని రాశారు. "సరే అన్నా" అన్నాను. మొగుణ్ణి అన్నా అన్న పాపం ఎక్కడ కడుక్కోవాలో తెలియదు. అప్పటి నుంచి రాస్తూనే ఉన్నారు. షాపు యజమాని అందరి ముందూ జాకీ రాడ్డు విసిరితే మోచేయి వాచిందని ఆ పెట్టెలోనే చదివాను. ఇంట్లో అడిగితే, "తలుపు తగిలిందిలే" అన్నారు.

మొన్న భోజనాల దగ్గర, "ఆదివారం ఒక్కడిని పడగొడితే చాలు, బెల్టు పోటీయే!" అన్నారు.

"కూడు పెట్టని కుస్తీలు," అన్నారు అత్తగారు.

"పాపం, ఆ అబ్బాయిని వదిలేయకూడదా?" అన్నాను.

"నీకెందుకే అంత జాలి? నీ తోడబుట్టినవాడా?" అని ఆయన నవ్వారు.

"నోట్లోంచి మాట ఊడిపడదు గానీ, జాలి మాత్రం కడివెడు!" అన్నారు అత్తగారు.

ఆటలోనూ అడిగి చూశాను. "భయపడకు తమ్ముడూ, మెల్లగా కొడతాలే" అన్నారు. గంట మోగాక అది ఆయన చేతిలో ఉండదు. నాకున్నది ఉడత ఒక్కడేనని చెబితే మానేస్తారు. మానేస్తే బెల్టు చేజారుతుంది. పగలంతా తల వంచుకునే మనిషికి ఉన్నది అదొక్కటే. అందుకే చెప్పలేకపోయాను.

కావున సమ్మెటకు వేరొక సమ ఉజ్జీని చూపించి, ఉడతను తప్పించమని ప్రార్థన. అనుభవం చూసి జత కట్టే నిబంధన పెడితే మేమిద్దరం మళ్లీ ఎదురుపడం. అయినా న్యాయం న్యాయమే, పెట్టండి. ఉత్తరాల పెట్టె మాత్రం మూయకండి. నేనెవరో ఆయనకు తెలియనివ్వకండి. ఖాతాకు మగ పేరు పెట్టిన తప్పు క్షమించి, నా మొర దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఉడత యజమాని

తా.క.: ఇది ముగిస్తుండగా ఆయన దగ్గర నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. "తమ్ముడూ, నీకు పెళ్లయిందా? మా ఆవిడ మంచిది. కానీ నేను గదిలోకి వస్తే లేచి వెళ్లిపోతుంది. నేనంటే ఇష్టం లేదేమోనని భయం. అడగాలంటే నోరు రాదు. నువ్వైతే ఏం చేస్తావు?" అని. ఆయన ముందుగదిలో ఉన్నారు, నేను వంటగదిలో ఉన్నాను. రాయడం, చెరపడం, ఇదే పనిగా ఉంది. ఈ జవాబు ఆదివారం లోపల నా వల్ల అయ్యేలా లేదు. పోటీ ఆపించండయ్యా.