కొట్టేసిన మూడు వాక్యాలు

చిరంజీవి చిట్టికి,

అమ్మమ్మ ఆశీస్సులు. నేనూ మీ అమ్మా ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముతున్నాను. ఎప్పుడూ "క్షేమం" అని రాసే చోట ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఎందుకో ఉత్తరం చివరిదాకా చదివితే తెలుస్తుంది. మధ్యలో లేచి వెళ్ళకు.

ఫోను చేతిలో ఉండగా ఉత్తరాలేమిటని నీ గదిలో ఉండే అమ్మాయి నవ్వుతోందని రాశావు. నవ్వనీ. ఫోనులో అయితే నువ్వు "ఊఁ, ఊఁ" అంటావు, నేను "సరే, పెట్టేస్తున్నా" అంటాను. అడిగినదీ చెప్పినదీ గాలికి పోతాయి. ఉత్తరంలో అడిగినదానికి జవాబు రాసి తీరాలి. ఆడిట్ ఆఫీసులో పనిచేసినంత కాలం నేను ఎదుటివాళ్ళని పీడించింది దీనికోసమే. కాబట్టి నువ్వడిగినవాటికి వరసగా జవాబులు.

వంటింటి కుళాయి బాగయింది. కుళాయిలు బాగుచేసే అతను వాషర్ మార్చి, "ఇక పదేళ్ళు చూడక్కర్లేదు పెద్దమ్మగారూ" అన్నాడు. "పోయినసారీ పదేళ్ళే అన్నావు కదయ్యా, వారం తిరక్కుండా కారింది" అన్నాను. "ఆ పదేళ్ళు వేరండీ, ఈ పదేళ్ళు వేరు" అన్నాడు, మొహంలో నవ్వన్నది లేకుండా. కాఫీ ఇచ్చి పంపాను.

మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. తగ్గలేదని తనంటుంది. మా మెట్లెక్కేటప్పుడు వచ్చే నొప్పి బట్టల కొట్టు మెట్లెక్కేటప్పుడు రావడం లేదు గనుక నా మాటే నమ్ము.

ఎదురింటి దర్జీ మామ్మకి కంటి ఆపరేషన్ వచ్చే నెలకి వాయిదా వేశారు. షుగరు తగ్గాకే చేస్తామన్నారట. ఈలోపు ఆవిడ కుట్టు మానిందనుకుంటున్నావేమో. మానలేదు. సూదిలో దారం ఎక్కించడానికి మాత్రం నన్ను పిలిచేది. "ఆఫీసరమ్మా, కాస్త ఈ పైలు మీద సంతకం పెట్టి వెళ్ళు" అని సూది పైకెత్తి చూపించేది.

ఇక మిగిలింది ఆ పేజీ సంగతి. నువ్వు రాసిన మాటలే మళ్ళీ రాస్తాను. "అమ్మమ్మా, పాత బజారు అల్లర్ల వ్యాసంలోంచి బడి గేటు గురించిన మూడు వాక్యాలూ తీసేశారు. నాలుగు నెలలు చర్చా పేజీలో కొట్టుకున్నాం. చివరికి ఆ 'తనిఖీ' అనేవాడి వాదనే నిబంధనల ప్రకారం సరైనదని నిర్వాహకుడు తేల్చేశాడు. నాకు విసుగొచ్చింది. ఇక ఆ ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో ఒక్క అక్షరం రాయను. దర్జీ మామ్మకి ఏం చెప్పాలో నువ్వే చెప్పు."

ఏం చెప్పాలో కాదు, ఏం చెప్పానో ముందు విను.

నీ ఉత్తరం అందిన మర్నాడు ఆవిడ ఒక బ్లౌజు మడతపెట్టి పక్కన పెట్టి, నా ఫోను వంక చూసి అంది: "వదినా, పిల్ల రాసింది ఇంకోసారి చదివి పెట్టవూ. కళ్ళజోడు పెట్టుకున్నా అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. ఆపరేషన్ బల్ల మీద ఏమైనా అయితే, మా అన్న సంగతి నలుగురూ చదివే చోట ఉందన్న ధైర్యంతో పోతాను."

"అపశకునపు మాటలాడకు" అన్నాను.

"సరేలే, నువ్వు చదువు. పోవడం సంగతి తరవాత చూసుకుందాం."

ఫోను తెరిచాను. పేజీలో ఆ మూడు వాక్యాలూ లేవు. వ్యాసం రెండో రోజు అల్లర్ల నుంచి సరాసరి సైన్యం రావడంలోకి దూకింది. నేను గొంతు సవరించుకుని, లేని వాక్యాలు ఉన్నట్టే చదివాను: "మూడో రోజున ఇళ్ళు తగలబడుతుంటే కొందరు పరుగెత్తి బడి గేటు దగ్గరికి చేరారు. గేటు తాళం తీయలేదు. గేటు ముందు చంపబడినవారిలో పదిహేడేళ్ళ కుర్రవాడున్నాడు, అతని చెల్లెలు ఇప్పటికీ అదే ఊళ్ళో దర్జీ పని చేస్తోంది."

ఆవిడ కళ్ళు మూసుకుని విని, "బాగా రాసింది. ఏడుపు మాటలు పెట్టకుండా రాసింది" అంది. ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివాను. తడబడకుండా చదివాను చిట్టీ. అంత కంఠతా ఎలా వచ్చాయో తెలుసా? నాలుగు నెలలుగా వాటిని ఎలా తీయించాలా అని రోజూ చదివాను గనుక.

నువ్వు 'వాడు' అని రాసిన ఆ తనిఖీని నేనే.

పోయిన సెలవుల్లో పొద్దుపోక గొణుగుతున్నానని నువ్వే నాకు అక్కడ ఖాతా తెరవడం నేర్పావు. నదుల పేజీల్లో, పక్షుల పేజీల్లో అక్షర దోషాలు దిద్దుకుంటూ కూర్చుంటాననుకున్నావు. కొన్నాళ్ళు అదే చేశాను. నువ్వు పెట్టిన పేరు నచ్చలేదని మార్చుకున్నాను కూడా. ఆ తరవాత నీ వ్యాసం చూశాను.

చర్చా పేజీలో నీకు జవాబు రాసినప్పుడల్లా నిన్ను "మీరు" అని సంబోధించాను. నువ్వు పెట్టిన ఆధారాల్లో ఒకటి ఓ రిటైర్డు పంతులు సొంత ఖర్చుతో అచ్చు వేసుకున్న పుస్తకం, అది చెల్లదన్నాను. రెండోది దర్జీ వదిన నోటి మాట, నువ్వు ఫోనులో రికార్డు చేసినది. ఎక్కడా ప్రచురితం కాని మాట కూడా చెల్లదన్నాను. నిబంధనలు అలాగే ఉన్నాయి, నేనేమీ కల్పించలేదు. "తనిఖీ గారూ, మీరు జీవితంలో మనుషులతో మాట్లాడారా, కాగితాలతోనేనా?" అని ఒకరోజు అడిగావు. కోపమొచ్చి, "మనుషులు మరిచిపోతారు, కాగితాలు మరిచిపోవు" అని రాశాను. నా వాక్యం నాకే ముచ్చటగా అనిపించింది. దానికి కింద ఎవరెవరో చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు కొట్టినవాళ్ళెవరో తరవాత చూశాను. ఒకడు అసలు అల్లర్లే జరగలేదని రాశాడు. ఇంకొకడు చనిపోయినవాళ్ళ మతంవాళ్ళే తమ ఇళ్ళు తాము తగలబెట్టుకుని మన మీద తోశారన్నాడు. వాళ్ళు నాకు "నిష్పాక్షికతకు" అని రంగురంగుల పతకం బొమ్మ ఒకటి నా పేజీలో అతికించారు. అప్పుడైనా ఆగవలసింది. పతకం తీసేయలేదు, వాదన మానలేదు. వాళ్ళని పట్టించుకోకపోతే చాలనుకున్నాను.

ఎందుకు చేశానో ఇప్పుడు రాస్తాను. అల్లర్లప్పుడు మీ ముత్తాత ఈ ఊళ్ళో ఉన్నారా అని నువ్వు సెలవుల్లో అడిగావు. ఆ తరవాతి ఏడాది బదిలీ మీద వచ్చారన్నాను. అబద్ధం. ఆ బడికి అప్పుడు హెడ్మాస్టరు ఆయనే. మేము బడి ఆవరణలోనే ఉండేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళు. ఇనుప గేటు మీద చేతులతో బాదితే ఎలాంటి చప్పుడొస్తుందో నాకు తెలుసు. అమ్మ నా చెవులు మూసింది గానీ ఆవిడ చేతులు చిన్నవి. నాన్న ఆ తరవాత ఎన్నాళ్ళు బతికినా ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. ఆయన పటం ఇప్పటికీ బడి హాల్లో ఉంది. నీ పేజీలో "గేటు తాళం తీయలేదు" అన్న వాక్యం చూడగానే, ఎవరు తీయలేదో రేపో మాపో ఎవడో ఒకడు అడుగుతాడని భయపడ్డాను. నీ నోట ఆయన పేరు వినాల్సి వస్తుందని భయపడ్డాను.

ఇంకోటి కూడా ఉంది. చర్చలో నువ్వు "దీనిమీద ప్రభుత్వ విచారణ నివేదిక ఏదైనా ఉందేమో ఎవరికైనా తెలుసా?" అని అడిగావు. "వెతికాను, లేదు" అని తనిఖీ రాసింది. ఉంది. విచారణ సంఘం నివేదిక, రెండో సంపుటం. మా ఆఫీసు గ్రంథాలయంలో కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడే చదివాను. అందులో నాన్న వాంగ్మూలం ఉంది. "తాళం చెవి నా జేబులోనే ఉంది. తీస్తే లోపలికొచ్చి బడి తగలబెడతారని భయపడ్డాను. తీయలేదు." ఎవరి మీదా నెపం వేయలేదాయన. ఆధారం అడిగిన నువ్వు పసిదానివి, దాచినదాన్ని నేను. లెక్కల్లో ఇలాంటి పని చేసినవాళ్ళ మీద నేను ఎంత గట్టిగా రాసేదాన్నో నీకు తెలుసు.

పోయిన వారం గ్రంథాలయానికి వెళ్ళి ఆ పేజీలు ఫోటోలు తీసుకున్నాను. తనిఖీ పేరు మీదే చర్చా పేజీలో అంతా రాశాను: నేనెవరి కూతురినో, నివేదిక ఉందని తెలిసే లేదన్నానని, మూడు వాక్యాలూ నిజమని. నిర్వాహకుడు చర్చ మళ్ళీ తెరిచాడు, నన్ను మాత్రం ఆ పేజీలో ఏమీ రాయకుండా నిషేధించాడు. మంచి పని చేశాడు. పతకం ఇచ్చినవాళ్ళు నన్ను ఏమేమి అన్నారో నీకు రాయను, నువ్వెలాగూ చూస్తావు.

తరవాత దర్జీ వదిన దగ్గరికి వెళ్ళాను. మిషను ఆపి, "రా, సూది సిద్ధంగా ఉంది" అంది. నేను కూర్చోకుండా నిలబడే అంతా చెప్పాను. లేని వాక్యాలు చదివానని కూడా చెప్పాను. నాన్న వాంగ్మూలం చదివి వినిపించాను. ఆవిడ చేతిలోని గుడ్డ ముక్కని మిషను మీద పెట్టింది.

"మీ నాన్న ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నారు."

"అచ్చులోనా?"

"అచ్చులోనే."

"గేటు ఎవరు తీయలేదని పిల్ల నన్ను ఎన్నిసార్లు అడిగిందో తెలుసా? నేను చెప్పలేదు. ఎవరో తీయలేదమ్మా అన్నాను. నీ మొహం చూసి అన్నాను వదినా." "మరి ఆయనే ఒప్పుకున్నదాన్ని నువ్వెందుకు కొట్టేశావు?" అంది.

చిట్టీ, నేను ఆ చర్చలో వాడిన మొదటి అస్త్రం ఏమిటో నీకు గుర్తుండే ఉంటుంది. "ఎవరు తీయలేదో కూడా చెప్పలేని సాక్ష్యం ఏం సాక్ష్యం?" అన్నాను. ఆవిడ నాకోసం మింగేసిన పేరుని నేను ఆవిడ మీదికే తిప్పాను.

నువ్వు రాయనంటే ఇక రాసేవాళ్ళు లేరు. నన్ను రాయనివ్వరు, ఆవిడ రాయలేని స్థితిలో ఉంది. నివేదిక పేజీల ఫోటోలు నీ ఫోనుకి పంపుతున్నాను, సంపుటం సంఖ్యా పుట సంఖ్యా ఫోటోల్లోనే ఉన్నాయి. రాయి. నాకోసం మెత్తగా రాయకు. పదవి రాసి ఊరుకోకు, మీ ముత్తాత పేరు పెట్టు. దాని పక్కనే ఆవిడ అన్న పేరు కూడా పెట్టు, అది నివేదికలోని మృతుల జాబితాలో ఉంది. "రెండు పేర్లూ ఒకే వాక్యంలో ఉండాలని పిల్లకి రాయండి" అని ఆవిడే చెప్పింది.

అవును, "రాయండి" అంది. సూదులు ఇప్పుడు మీ అమ్మ చేత ఎక్కించుకుంటోంది. ఎదురుపడితే పలకరిస్తుంది, ఒంట్లో ఎలా ఉందని అడుగుతుంది. మొన్నటి నుంచి నన్ను "మీరు" అంటోంది.

ఇట్లు,
ఆనాటి హెడ్మాస్టరు గారి కూతురు,
మీ అమ్మమ్మ