గోడ మీద లేని షీటు

జూలై 3, సోమవారం

పదకొండేళ్లయింది. ఎడమ కన్ను పోయిన సంగతి మర్చిపోగలను. కాగితం మీద రాసింది మర్చిపోలేను. ‘అటెండర్‌కు చదువు రాదు. గోడ మీద సేఫ్టీ షీటు ఉన్నా చదవలేక సీసా మూత బిగించాడు. నిర్లక్ష్యం.’ అది రాసింది నేను అటెండర్‌గా చేసిన బడిలో అప్పటి కెమిస్ట్రీ మాస్టారు. చొక్కా మీద ఒక్క మడత కనపడని మనిషి. నేను ఇస్త్రీ సారు అంటాను. ఇప్పుడు ఆయనే హెడ్మాస్టరు.

గోడ మీద షీటూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఏ కెమికల్‌ని ఎలా దాచాలో రాసుండే ఆ షీట్లన్నీ ఆఫీసు బీరువాలో ఉండేవి, తాళం ఆయన జేబులో. క్లాసులో పెడితే పిల్లలు నలిపేస్తారట. ఇన్‌స్పెక్షన్ వాళ్లకు శుభ్రంగా కనపడాలట.

హైడ్రోజన్ పెరాక్సైడు ప్లాస్టిక్ డబ్బాలో వచ్చేది. మూతకు గాలి పోయే సన్న రంధ్రం. డబ్బాలు చూడ్డానికి బాగోలేవు, గాజు సీసాల్లోకి పోసి మూతలు గట్టిగా బిగించు అన్నది ఆయనే. బిగించాను. లోపల గాలి పుట్టి, మూడో రోజు నా ముఖం ముందే పేలింది. కన్ను పోయింది. ఆ వెనకే ఉద్యోగం పోయింది.

అరవై దాటాక మా ఆవిడ నాకు అక్షరాలు నేర్పింది, కూరగాయలు తరుగుతూ. ఇవాళ ఆ బడి నుంచే కబురొచ్చింది.

జూలై 4

పిలిచింది కొత్త కెమిస్ట్రీ మేడమ్. ఇరవై ఒకటిన ఇన్‌స్పెక్షన్. ఈసారి ఏ గదిలో ఏ కెమికల్ ఉంటే దాని షీటు ఆ గదిలోనే ఉండాలని రూలు. సగం సీసాలకు లేబుళ్లే లేవు. ఏ సీసా ఏమిటో మీకు తప్ప ఇంకెవరికీ తెలియదంట బాబాయిగారూ, రెండు వారాలు వచ్చి పుణ్యం కట్టుకోండి అంది.

వస్తానన్నాను. ఒక కన్ను ఆ బడికి ఇచ్చారు, రెండోది కూడా ఇచ్చేసి రండి, జత కుదురుతుంది, అంది మా ఆవిడ.

నేను పుణ్యానికి వెళ్లడం లేదు. ఆ బీరువా కోసం వెళ్తున్నాను.

జూలై 6

లేబుల్ లేని సీసాలు పన్నెండు. తొమ్మిది గుర్తుపట్టాను. మూడు తెలియవని చెప్పి వేరే పెట్టించాను. తెలియనిది తెలియదనడానికి నాకు నామోషీ లేదు.

ఇస్త్రీ సారు వరండాలో ఎదురయ్యాడు. ఏవోయ్, కాస్త ఒళ్లు చేశావే, అన్నాడు. నా కన్ను లేని వైపు నిలబడి మాట్లాడాడు. కావాలనే.

జూలై 10, సోమవారం

మేడమ్ అడిగితే తాళం ఇచ్చాడు. నేను అడిగితే ఇచ్చేవాడా?

షీటుకు పదహారు సెక్షన్లు. ఏడోది నిల్వ చేసే పద్ధతి. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివాను. ‘మూత గట్టిగా బిగించరాదు. గాలి పోయే మూత వాడాలి.’ ఈ రెండు ముక్కలు ఆ రోజు ఎవరైనా నాకు నోటితో చెప్పినా సరిపోయేది.

అన్నిటికంటే కింద, నా మీద ఆయన రాసిన రిపోర్టు దొరికింది. దానికి పిన్ను చేసిన షీటు. పైన ఆయన రాత: ‘ప్రమాదం రోజున గోడ మీద ఉన్న షీటు ఇదే.’ సంతకం.

పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ప్రింట్ తేదీ. అక్షరాలు ఈమధ్య వచ్చాయి గానీ అంకెలు నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. సీసా పేలింది ఆగస్టు 9. ప్రింట్ తేదీ ఆగస్టు 13. అదే ఏడాది.

నేను కళ్లకు కట్టుతో ఆసుపత్రిలో పడుంటే, ఈయన తాపీగా ప్రింటు తీసుకున్నాడు. చొక్కా అంచులు చూసుకున్నంత శ్రద్ధగా కాగితం అంచు చూసుకోలేదు.

షీటు మడిచి జేబులో పెట్టుకున్నాను.

జూలై 11

మా ఆవిడకు చెప్పలేదు. చెబితే నన్ను ఆపుతుంది.

జూలై 12, బుధవారం

ఇవాళ కడుపు నిండింది.

కొత్త గాజు సీసా తీసుకుని కుళాయి నీళ్లు పట్టాను. పెరాక్సైడు లేబుల్ అంటించి మూత బిగించాను. తీసుకెళ్లి హెడ్మాస్టరు బల్ల మీద, కిటికీ ఎండ పడేచోట పెట్టాను. లేబుల్ సరిగ్గా ఉందేమో చూడండి సారూ అన్నాను.

చూశాడు. మూత మీద వేలు పెట్టాడు. కుర్చీ వెనక్కి పడింది. మనిషి తలుపు చాటున తేలాడు. ఎవడ్రా ఇంత గట్టిగా బిగించింది, పేలుతుంది, అవతలకి తియ్యి, తియ్యి అని కేకలు.

నేను మూత తీసి, ఆ నీళ్లతో ఆయన ఎదురుగానే ముఖం కడుక్కున్నాను. బిగిస్తే పేలుతుందని షీటు చూడకుండానే చెప్పారే, ఎప్పటి నుంచి తెలుసు సారూ, అన్నాను.

ఆయన చొక్కా చంకల్లో తడిసిపోయింది. పాతవన్నీ ఇప్పుడెందుకు తవ్వుతావు, ఇద్దరం ముసలాళ్లమయ్యాం అన్నాడు. కావాలంటే మళ్లీ పనిలో పెట్టుకుంటానన్నాడు. నాకు పనెందుకు? ఆ రిపోర్టులో నా మీదున్న ‘నిర్లక్ష్యం’ అన్న ఒక్క మాట కొట్టెయ్యాలి. అదే చెప్పాను. గంట మోగింది, రౌండ్‌కి వెళ్లాలి అంటూ జారుకున్నాడు. గంట మోగలేదు.

జూలై 14

మేడమ్‌కు షీటు చూపించాను. తేదీ రెండుసార్లు చదివింది. బాబాయిగారూ, ఇది ఇన్‌స్పెక్షన్ వాళ్ల కంటబడితే బడికే చెడ్డపేరు కదా, పిల్లలేం చేశారు, అంది. మంచి పిల్ల. కానీ నా చెడ్డపేరు పదకొండేళ్లు నేనొక్కడినే మోశాను. అప్పుడెవరూ అడగలేదు.

పిల్లలకు మాత్రం నేను బాకీ ఉంచుకోలేదు. కెమికల్స్ ఉండే ఏడు గదుల్లోనూ షీట్లు అంటించాను, వాళ్ల కళ్ల ఎత్తుకు. ప్రతి దాంట్లో ఏడో సెక్షన్ కింద ఎర్ర గీత గీశాను. ఇకనైనా గోడ మీద ఉన్నాయంటే ఉన్నాయి.

జూలై 17, సోమవారం

ఇస్త్రీ సారూ, ఈ పేజీ చింపి మీ బల్ల మీద పెడుతున్నాను.

ఆగస్టు 13న ప్రింటు తీసిన షీటు ఆగస్టు 9న గోడ మీదకు ఎలా వచ్చింది? జవాబు మీ చేత్తో రాయండి. సంతకం పెట్టండి. గురువారం, ఇరవయ్యో తారీఖు, చివరి గంట కొట్టేలోపు నాకు అందాలి.

శుక్రవారం పొద్దున ఇన్‌స్పెక్షన్ వాళ్లకు షీట్ల ఫైలు అందించేది నేనే. మీ జవాబు ఉంటే అది పైన ఉంటుంది. లేకపోతే ఆ షీటు పైన ఉంటుంది.