వదినకు అర్థం కాని గది

సోమవారం, మార్చి 9

వదినగారికి,

మీ ఒక్కగానొక్క ఆడపడుచు రెండు చేతులూ జోడించి, పళ్ళు నూరుకోవడం కాసేపు ఆపి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ అమ్మా బాగున్నాం. డిజైనరుని పెట్టి మీరు ఇంటికి చేయిస్తున్న మార్పులు రేపటితో పూర్తవుతాయని విని సంతోషించాను.

పోయినేడాది మీ ఇంటికి వచ్చినప్పుడు అమ్మ మంచం మెట్ల కింద, చెప్పుల స్టాండు పక్కన కనిపించింది. ఇదేమిటంటే, అది డెడ్ స్పేస్ అనీ, దాన్ని వాడుకోవడమూ ఒక డిజైనేననీ అన్నారు. అంటే ఏమిటన్నాను. మీరు స్నేహితురాళ్ళ వైపు తిరిగి, ఈవిడకి పరదాకీ దుప్పటికీ తేడా నేర్పాలి ముందు అన్నారు. అందరూ నవ్వారు. అన్నయ్య పేపర్లో తల దూర్చాడు. కొడుకింట్లో గొడవెందుకని అమ్మ కూడా నవ్వింది. ఆ సాయంత్రమే అమ్మను నాతో తెచ్చేసుకున్నాను.

మాట తెలియకపోతే నోరు మూసుకోవాలని మీరే నేర్పారు కనుక, మాటలు నేర్చుకున్నాను. సాయంత్రం డిజైన్ క్లాసులో నాకంటే చిన్నపిల్లల మధ్య కూర్చున్నాను. కూర తరుగుతూ కూడా వల్లె వేశాను. డెడ్ స్పేస్ అంటే ఎందుకూ వాడని మూల. ఫోకల్ పాయింట్ అంటే గదిలోకి రాగానే చూపు ఆగే చోటు. సర్క్యులేషన్ అంటే ఎవరికీ ఏదీ తగలకుండా నడిచే దారి. అమ్మ విని, దానికింత పేరెందుకే, అడ్డం తీసేస్తే సరి కదా అనేది.

మీకైతే ఇవన్నీ వెన్నతో పెట్టిన విద్య. డిజైనరు చెప్పిన ప్రతి మాటకీ తలూపారట. హాలు పక్కన వెలుతురుండే పెద్ద గదిని యాక్సెసిబుల్ సూట్ చేద్దామంటే, అదే నాకు కావాలన్నారట. అర్థం అడగడం మీకు నామోషీ అని నాకు తెలుసు.

మీ క్షేమం కొద్దిగా కోరుతూ,
మీ ఆడపడుచు

తా.క. ఆ ప్లాను గీసింది నేనే. కొన్నాళ్ళుగా మీ డిజైనరు ఆఫీసులోనే పనిచేస్తున్నాను. యాక్సెసిబుల్ సూట్ అంటే పెద్దవాళ్ళు ఒకరి సాయం లేకుండా మసిలే గది. అందుకే దానికి గడప లేదు, బాత్రూం గోడకి పట్టుకునే కడ్డీలున్నాయి, మంచం మీంచే స్విచ్చులు అందుతాయి. అన్నయ్య మాత్రం అర్థం అడిగాడు. చెప్పాను. విని, ప్లాను మీద సంతకం పెట్టాడు. ఎల్లుండి ఉదయం అమ్మను తీసుకెళ్ళడానికి తనే వస్తున్నాడు. ఈలోగా మీ బట్టలు ఆ గదిలోంచి తీసేయండి.